ప్రాణులు - ఉష్ణగతిశాస్త్రం

పొయ్యిమీదినుంచి దించిన పాలు చల్లారుతాయి. చల్లారిన పాలు తమంతట తాము తిరిగి కాగవు. మజ్జిగలో వేసిన ఉప్పు కరిగిపోతుంది. కరిగిన ఉప్పు మళ్ళీ గడ్డకట్టి అడుగున చేరదు. గదిలో ఒక మూల వెలిగించిన అగరువత్తి పరిమళం నాలుగు మూలలకూ వ్యాపిస్తుందే కాని, వ్యాపించిన పరిమళం వెనుకకు మరలి వత్తిలో ప్రవేశించదు. ఈ సంగతులు ఒకరు చెప్పగా మనం నేర్చుకొన్నవి కావు. ప్రకృతిలోని మార్పులకు ఒక దిశ ఉన్నదని పసివాడికి కూడా అనుభవంలో తెలుసు.

కాని అదే ఇంటి పెరటిలో కోడి పొదిగిన గుడ్డు ఇరవైయొక్క దినాలకు పిల్ల అవుతున్నది. ఒక రూపమంటూ లేనట్టు కనిపించే తెల్లసొన, పచ్చసొనల నుంచి కళ్ళు, రెక్కలు, కొట్టుకొనే గుండె ఏర్పడుతున్నాయి. పాలు చల్లారే ప్రపంచంలో, పరిమళం చెదరిపోయే ప్రపంచంలో, ఇంతటి అమరిక ఎట్లా సాధ్యమైనది? ప్రాణమున్న చోట ప్రకృతి తన నియమాన్ని సడలించుకొన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పే శాస్త్రమే ఉష్ణగతిశాస్త్రం. దీనినే థర్మోడైనమిక్స్ అంటున్నాము.

మన కళాశాలలలో ఈ శాస్త్రాన్ని బోధించే పద్ధతివల్ల ఒక చిక్కు ఏర్పడుతున్నది. భౌతికశాస్త్రం తరగతిలో విద్యార్థి ఆవిరియంత్రాన్ని గురించీ, గొట్టంలో కదిలే ముషలకాన్ని గురించీ చదువుతాడు. గంట కొట్టగానే జీవశాస్త్రం తరగతికి వెళ్ళి జీర్ణక్రియనూ, శ్వాసక్రియనూ చదువుతాడు. మొదటి గదిలో నేర్చినది రెండవ గదిలో పనికివస్తుందని అతనికి తోచదు. ఈ నియమాలు యంత్రాలకు చెందినవనీ, ప్రాణి వీటికి అతీతమైనదనీ ఒక భావం అతని మనస్సులో తెలియకుండానే నాటుకొంటుంది. చరిత్రను చూస్తే వాస్తవం ఇందుకు విరుద్ధంగా ఉన్నది. ఈ శాస్త్రం పుట్టుకలోనే ప్రాణికి భాగమున్నది.

ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లవోయిజర్, లాప్లాస్ 1783లో ప్రకటించిన ఒక ప్రయోగాన్ని చూడండి. వారు ఒక గినీపందిని మంచుగడ్డలతో చుట్టిన పాత్రలో ఉంచారు. దాని ఒంటివేడికి పది గంటలలో పదమూడు ఔన్సుల మంచు కరిగింది. అదే కాలంలో ఆ జంతువు విడిచే బొగ్గుపులుసు గాలి ఎంతో కొలిచి, అంత వాయువు రావడానికి బొగ్గును కాలిస్తే ఎంత మంచు కరుగుతుందో లెక్కవేశారు. రెండు లెక్కలూ అచ్చంగా కలియలేదు గాని, దగ్గరగా వచ్చాయి. ప్రాణి శ్వాసించడం అంటే మంట లేకుండా మెల్లగా మండడమే అని వారు నిర్ణయించారు. దీపానికి చమురు ఎట్లాగో, దేహానికి అన్నం అట్లాగు.

తరువాతి అడుగు వేసినవాడు ఒక ఓడవైద్యుడు. జర్మనీ దేశస్థుడైన రాబర్ట్ మాయర్ 1840లో డచ్చివారి ఓడలో జావా ద్వీపానికి వెళ్ళాడు. ఆ కాలపు వైద్యాన్ని అనుసరించి నావికుల సిరలనుంచి రక్తం తీసినప్పుడు, అది తాను స్వదేశంలో చూచినదానికంటె ఎర్రగా ఉండడం గమనించాడు. వేడిదేశంలో ఒంటిని వెచ్చగా ఉంచడానికి తక్కువ దహనం చాలుననీ, అందువల్ల రక్తంలోని ప్రాణవాయువు తక్కువగా ఖర్చవుతున్నదనీ ఆయన ఊహించాడు. ఆ ఊహను పట్టుకొని తిన్న ఆహారానికి, పుట్టిన వేడికి, చేసిన పనికి మధ్య ఒక నిశ్చితమైన లెక్క ఉండాలనుకొన్నాడు. 1842లో ఆయన ప్రకటించిన వ్యాసం శక్తినిత్యత్వ నియమానికి తొలి ప్రకటనలలో ఒకటి. 1847లో అదే నియమాన్ని గణితరీత్యా విస్తరించిన హెల్మ్‌హోల్ట్స్ కూడా వృత్తిచేత సైనిక వైద్యుడే. కండరం ముడుచుకొన్నప్పుడు వేడి పుడుతుందా అని కప్పలపై పరీక్షలు చేస్తూ ఆయన ఆ మార్గానికి వచ్చాడు.

శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మారుతుందని చెప్పే ఈ నియమాన్ని మొదటి నియమమంటాము. ఇది జీవించి ఉన్న దేహానికి ఎంత కచ్చితంగా వర్తిస్తుందో 1894లో జర్మనీలో మాక్స్ రూబ్నర్ చూపాడు. ఆయన ఒక కుక్కను ఉష్ణమాపక యంత్రంలో అనేక దినాలు ఉంచి, అది తిన్న ఆహారపు శక్తినీ, దాని దేహంనుంచి వెలువడిన వేడినీ కొలిచాడు. రెండింటికీ నూటికి ఒక వంతు తేడా కూడా రాలేదు. ప్రాణశక్తి అనే ప్రత్యేకమైన పద్దు ఒకటి ఉన్నట్టయితే, అది ఆ జమాఖర్చులలో ఎక్కడో కనిపించవలసింది. కనిపించలేదు.

అయితే జమాఖర్చులు సరిపోయినంత మాత్రాన కథ పూర్తికాలేదు. పాలు చల్లారినప్పుడు పాలు కోల్పోయిన వేడి అంతా గదిలోని గాలికి చేరింది. అదే వేడి తిరిగి వచ్చి పాలను కాచినా మొదటి నియమానికి భంగం లేదు. అయినా అట్లా జరగదు. ఎందుకు జరగదో చెప్పేది రెండవ నియమం. శక్తి ఒకచోట కూడి ఉన్న స్థితినుంచి చెదరిపోయిన స్థితికి పోవడమే సహజమైన మార్గం. ఈ చెదరుటకు ఒక కొలతను ఏర్పరచి, దానికి 1865లో క్లాసియస్ ఎంట్రోపీ అని పేరు పెట్టాడు. బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేని వ్యవస్థలో ఎంట్రోపీ తగ్గదు. పెరుగుతూ పెరుగుతూ ఇక మార్పుకు అవకాశం లేని స్థితికి చేరుతుంది. ఆ స్థితికి సమతాస్థితి అని పేరు.

గుడ్డు ఈ నియమాన్ని ఉల్లంఘించిందా? ఇప్పుడు చెప్పిన మాటలలో ఒకటి మరువరాదు: బయటి ప్రపంచంతో సంబంధం లేని వ్యవస్థలో అన్నాము. గుడ్డు అటువంటిది కాదు. దాని పెంకులో కంటికి ఆనని వేలకొలది రంధ్రాలున్నాయి. ప్రాణవాయువు వాటిగుండా లోపలికి పోతుంది. బొగ్గుపులుసు గాలి, నీటి ఆవిరి బయటికి వస్తాయి. పొదుగు పూర్తయ్యేసరికి గుడ్డు తన బరువులో నూటికి పది వంతులకు మించి కోల్పోతుంది. పచ్చసొనలోని కొవ్వు చాలభాగం దహనమై వేడిగా మారి వెలుపలికి పోతుంది. పెంకుకు మైనం పూసి ఆ రంధ్రాలను మూసివేస్తే, పిల్ల లోపలనే చనిపోతుంది. లోపల ఒక అమరిక ఏర్పడుతున్నదంటే, అంతకంటె ఎక్కువ చెదరుట వెలుపల జరుగుతున్నదన్నమాట. రెండింటినీ కలిపి లెక్కవేస్తే రెండవ నియమానికి ఎక్కడా లోటు లేదు.

ప్రాణులు దేనికొరకు పోరాడుతున్నాయి అనే ప్రశ్నకు 1886లో వియన్నాలో బోల్ట్స్‌మన్ చెప్పిన సమాధానం ఇక్కడ స్మరించదగినది. ముడిపదార్థాలు గాలిలో, నీటిలో, మట్టిలో సమృద్ధిగా ఉన్నాయి. శక్తి కూడా చుట్టూ ఉన్న ప్రతి వస్తువులోను వేడి రూపంలో ఉన్నది. కాని అట్లా చెదరిపోయి ఉన్న శక్తి పనికి రాదు. వేడి సూర్యునినుంచి చల్లని భూమికి శక్తి ప్రవహించేటప్పుడు లభించే అవకాశం కొరకే ప్రాణుల పోరాటమంతా అని ఆయన అభిప్రాయం. 1943లో డబ్లిన్ నగరంలో ష్రోడింగర్ ఇచ్చిన ఉపన్యాసాలు మరుసటి సంవత్సరం ‘వాట్ ఈజ్ లైఫ్?’ అనే చిన్న గ్రంథంగా వెలువడ్డాయి. అందులో ఆయన ప్రాణి ఋణాత్మకమైన ఎంట్రోపీని ఆహరిస్తున్నదని చెప్పి పండితలోకంలో పెద్ద చర్చకు కారకుడయ్యాడు. భౌతికశాస్త్రజ్ఞుల కొరకే వ్రాస్తున్నట్లయితే స్వేచ్ఛాశక్తి అనే మాట వాడి ఉండేవాడినని ఆయనే ఆ తరువాత ఒక వివరణ చేర్చాడు.

ఈ స్వేచ్ఛాశక్తి అనే మాటను నిదానంగా గ్రహించాలి. ఒక మార్పులో వెలువడే శక్తి అంతా పనికి వినియోగపడదు. కొంత భాగం చెదరుట కింద పోక తప్పదు. చెదరుట లెక్కను కూడా సరిచూచిన తరువాత పనికి మిగిలేదే స్వేచ్ఛాశక్తి. ఇది తగ్గే దిశలోనే మార్పులు తమంతట తాము జరుగుతాయి. దేహంలో పిండిపదార్థం దహనం కావడం పల్లానికి నీరు పోవడం వంటిది. కండ పెరగడం, నరంగుండా వార్త పోవడం, మూత్రపిండం రక్తాన్ని వడకట్టడం మిట్టకు నీరు ఎక్కించడం వంటివి. పల్లానికి పోయే దానిచేత మిట్టకు ఎక్కించే పని చేయించాలి. మన రైతులు ఏతంతో చేసినది అదే. ఏతపు దూలంమీద మనిషి ఒకవైపు దిగితే రెండవవైపు బాన పైకి లేస్తుంది. మధ్యలో దూలం లేకపోతే మనిషి ఎంత దిగినా చుక్క నీరు పైకి రాదు. ప్రాణిలో ఆ దూలం ఏది?

ఈ సందర్భంలో మన తెలుగువాడొకడు ఈ చరిత్రలో ప్రవేశిస్తున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి అమెరికా వెళ్ళాడు. హార్వర్డ్ వైద్యకళాశాలలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి, దేహంలోని భాస్వరాన్ని కొలిచే ఒక సులభమైన పద్ధతిని రూపొందించాడు. 1925లో ప్రకటితమైన ఆ పద్ధతి ఆ ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైనది. ఆ కొలతబద్దతో కండరాన్ని పరిశోధించి వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే 1929లో దీనిని స్వతంత్రంగా కనుగొన్నాడు. పొడి అక్షరాలలో ఏ.టి.పి. అని పిలిచే ఈ పదార్థమే మనం వెదికే ఏతపు దూలం. ఏకకణజీవి మొదలు ఏనుగువరకు, గడ్డిపోచ మొదలు మర్రిచెట్టువరకు ప్రతి జీవకణంలోను ఇదే పని చేస్తున్నది.

దీని ఉపయోగాన్ని లెక్కల భాషలో చెప్పుకొందాము. ఒక గ్రాము అణుభారం గ్లూకోజు చక్కెర పూర్తిగా దహనమైతే సుమారు 686 కిలోకెలోరీల స్వేచ్ఛాశక్తి లభిస్తుంది. జీవకణం చేసే చిన్న చిన్న పనులకు ఇది వందరూపాయల నోటు వంటిది. అణా వస్తువుకు నోటు ఇస్తే చిల్లర తిరిగిరాని అంగడి ప్రకృతి. కాబట్టి జీవకణం ఆ నోటును ముందుగానే చిల్లరగా మార్చుకొంటుంది. ఒక్కొక్క చక్కెర అణువు దహనంతో సుమారు ముప్ఫై ఏ.టి.పి. అణువులు తయారవుతాయి. ప్రామాణిక పరిస్థితులలో అంతే పరిమాణం ఏ.టి.పి. తెగినప్పుడు సుమారు ఏడు కిలోకెలోరీలు లభిస్తాయి. జీవకణంలోని వాస్తవ పరిస్థితులలో ఇంకా ఎక్కువే లభిస్తాయి. మన ఒంటిలో ఏ క్షణాన చూచినా ఏ.టి.పి. వంద గ్రాములకు మించి ఉండదు. అయినా అది ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ, ఒక దినంలో దాదాపు మన బరువంత పరిమాణం చేతులు మారుతుంది. శ్వాస ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు దెబ్బతినడానికి కారణం ఇదే. ఇక్కడ దాచిన సొమ్ము లేదు. రోజు కూలిమీద సాగే సంసారం ఇది.

ఈ చిల్లర తయారయ్యే టంకసాలను 1961లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పీటర్ మిచెల్ ఊహించి వివరించాడు. జీవకణంలోని సన్నని పొరకు ఒకవైపున, ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్టు, ఉదజని అయానులు చేరుతాయి. అవి పొరలోని ఒక ద్వారంగుండా పల్లానికి దిగేటప్పుడు ఏ.టి.పి. తయారవుతుంది. చాలమంది ఆయన మాటను మొదట అంగీకరించలేదు. 1978లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది.

ఇంతవరకు చూచినదాన్నిబట్టి దేహం ఆవిరియంత్రం వంటిదని తలచవచ్చు. అది పొరపాటని రెండవ నియమమే తెలుపుతున్నది. వేడిని పనిగా మార్చే యంత్రానికి వేడిగా ఉన్న భాగం ఒకటి, చల్లగా ఉన్న భాగం ఒకటి ఉండాలి. ఆ తేడా ఎంత ఎక్కువైతే పని అంత ఎక్కువ దొరుకుతుంది. మన ఒళ్ళు 37 డిగ్రీలు, వెలుపలి గాలి 27 డిగ్రీలు అనుకోండి. ఆ తేడాతో ఎంత నేర్పరి యంత్రం చేసినా నూటికి మూడు వంతుల వేడినే పనిగా మార్చగలదు. మన కండరాలు ఆహారశక్తిలో నూటికి ఇరవైనుంచి ఇరవైయైదు వంతులవరకు పనిగా మారుస్తున్నాయి. వేడిని ఉపయోగించి ఆ పని చేయాలంటే మన కండ 127 డిగ్రీలకు కాగవలసి ఉంటుంది. ఆ వేడికి రక్తం మరిగిపోతుంది. కాబట్టి దేహం వేడివల్ల నడిచే యంత్రం కాదు. రసాయనికమైన స్వేచ్ఛాశక్తిని నేరుగా పనిగా మార్చుకొంటుంది. వేడి దాని ఇంధనం కాదు, దాని వ్యయం.

ఆ వ్యయం వెలుపలికి పోవాలి. ఈ ఒక్కమాటలో మన వేసవులకు సంబంధించిన చావుబతుకుల సమస్య ఇమిడి ఉన్నది. దినానికి రెండువేల కిలోకెలోరీల ఆహారం తినే మనిషి వంద వాట్ల దీపమంత వేడిని సదా వెలువరిస్తుంటాడు. ఆ వేడి బయటికి పోయే దారి మూసుకొంటే, ఊరక కూర్చున్నవాడి ఒళ్ళు కూడా గంటకు ఒక డిగ్రీకి మించి వేడెక్కుతుంది. వేడి ఎప్పుడూ వేడి వస్తువునుంచి చల్లని వస్తువుకే పోతుంది. గాలి 45 డిగ్రీలున్న మధ్యాహ్నం ఒంటినుంచి గాలికి వేడి పోదు. గాలినుంచే ఒంటికి వస్తుంది. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆరడం. లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకెలోరీల వేడి దానితో పోతుంది. మట్టికుండలో నీరు చల్లబడేది కూడా ఈ విధంగానే. అయితే చెమట కారడంవల్ల ప్రయోజనం లేదు, ఆరాలి. గాలిలో తేమ నిండి ఉంటే అది ఆరదు. అందుచేతనే కోస్తా ప్రాంతాలలో ఉష్ణమాపకం కొంచెం తక్కువ చూపినా ఉక్కపోత ప్రాణాంతకం కాగలదు. 2015 వేసవిలో మన దేశంలో వడగాడ్పులకు రెండువేలమందికి పైగా మరణించారు. వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారు. మిట్టమధ్యాహ్నం కష్టమైన పని ఆపడమంటే లోపల పుట్టే వేడిని తగ్గించడం. నీడకు చేరడమంటే బయటినుంచి వచ్చే వేడిని తగ్గించడం. దాహానికి ముందే నీరు త్రాగడమంటే ఆరడానికి చెమట ఉండేటట్లు చూడడం. వడదెబ్బ తగిలినవాని ఒళ్ళు తడిపి విసరడమంటే అతని దేహం చేయలేకపోతున్న పనిని మనం చేయడం. పెద్దలు చెప్పే జాగ్రత్తలన్నీ ఈ నియమానికి అనుగుణమైనవే.

ఈ శాస్త్రం చెప్పని సంగతి కూడా ఒకటి ఉన్నది. ఇది మార్పు ఏ దిశలో సాగుతుందో చెబుతుంది గాని, ఎంత వేగంగా సాగుతుందో చెప్పదు. డబ్బాలోని చక్కెర, గాలిలోని ప్రాణవాయువు కలిసి దహనం కావడం సహజమైన దిశే. అయినా చక్కెర ఏళ్ళ తరబడి డబ్బాలో చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే చక్కెర మన ఒంటిలో కొద్ది గంటలలో దహనమవుతుంది. ఈ వేగానికి కారణం ఎన్‌జైములు. అవి దారిని సుగమం చేస్తాయి గాని, దిశను మార్చలేవు. మిట్టను పల్లం చేసే ఎన్‌జైము లేదు.

జీవశాస్త్రం చదివే విద్యార్థులు ఏ ప్రాణిని, ఏ అవయవాన్ని, ఏ జీవకణాన్ని పరిశీలించినా మూడు ప్రశ్నలు వేసుకొనడం అలవాటు చేసుకోవాలి. మనం లెక్కలోకి తీసుకొన్న వ్యవస్థకు ఎల్ల ఎక్కడ? ఆ ఎల్లను దాటి లోపలికి వస్తున్నదేమి, వెలుపలికి పోతున్నదేమి? ఈ రాకపోకలు నిలిచిపోతే ఇది ఏ స్థితికి చేరుతుంది? సూత్రాలు కంఠస్థం చేసేముందు ఈ మూడు ప్రశ్నలూ స్థిరపడితే, ఆ తరువాత వచ్చే సమీకరణాలు భయపెట్టవు.

ఈ ప్రశ్నలను భూగోళానికంతటికీ వేసి చూడవచ్చు. సూర్యునినుంచి భూమికి వచ్చే శక్తి, భూమినుంచి ఆకాశానికి పోయే శక్తి దాదాపు సమానం. అట్లయితే సూర్యుడు మనకు ఇస్తున్నదేమి? వచ్చే వెలుగు సుమారు ఆరువేల డిగ్రీల వేడిగల తలంనుంచి వస్తున్నది. పోయేది చల్లని భూమినుంచి కంటికి కనబడని కిరణాలుగా పోతున్నది. వచ్చిన ఒక్కొక్క కాంతికణానికి బదులు ఇంచుమించు ఇరవై బలహీనమైన కణాలు తిరిగి పోతున్నాయి. శక్తి పరిమాణం మారలేదు, చెదరుట పెరిగింది. ఆ రాకకు, ఆ పోకకు నడుమ పచ్చని ఆకు వెలుగును పట్టుకొని బియ్యపుగింజలో దాచింది. ఆ గింజనే మనం అన్నంగా తింటున్నాము.

ప్రాణం నియమానికి మినహాయింపు కాదు. ఇచ్చిపుచ్చుకొనే రాకపోకలు సాగినంతకాలం సమతాస్థితికి దూరంగా నిలవగలగడమే ప్రాణలక్షణం. అవి ఆగిపోయిననాడు దేహం కూడా, పొయ్యిమీదినుంచి దించిన పాలవలెనే, క్రమంగా గది చల్లదనానికి చేరుతుంది. మరణించి ఎంతసేపైనదో అంచనా కట్టడానికి వైద్యులు ఆ చల్లబడిన కొలతనే చూస్తారు. ఈ రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు మీ ఇంటిలోని విద్యార్థిని ఒక ప్రశ్న అడగండి: శక్తి నశించనిదే అయితే, నిన్న తిన్న అన్నం ఉండగా ఈవేళ మళ్ళీ ఆకలి ఎందుకు వేస్తున్నది? దానికి తన మాటలలో సమాధానం చెప్పగలిగినవాడు ఈ శాస్త్రంలో మొదటి పాఠం నేర్చినట్టే.